రెండు సిరాల పుస్తకం

పంకజాక్షి పోయిన నాలుగేళ్ళకు, చెద పట్టిందేమోనని ఆమె రేకు పెట్టె తెరిచాను. పైన రెండు పట్టుచీరలు, వాటి కింద పదకొండు పుస్తకాలు. అంగట్లో కొన్నవి కావవి. వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలను వారం వారం జాగ్రత్తగా చించి, వరుసగా పేర్చి, ఆఖరి వారం కూడా వచ్చాక బైండింగ్ చేయించుకున్నవి. ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు ఈ పని చేసేవాళ్ళు. మా ఇంటికి పత్రిక వచ్చిన సాయంత్రానికే మధ్యలో నాలుగు ఆకులు ఉండేవి కావు. నేను చదువుతున్న ముక్క ఏదైనా వాటి వెనక పోతే, "అది నా పుస్తకంలో ఉండాది. బైండింగ్ అయినాక చదువుకోండి" అనేది.

నేను వ్యవసాయ శాఖలో మట్టి పరీక్షలు చేసేవాణ్ణి. పలమనేరు నుంచి కార్వేటినగరం దాకా బస్సుల్లో తిరిగి, మట్టి సంచులు మోసుకొచ్చి, తిరుపతిలో కొర్లగుంట ఇంటికి చేరి, అన్నం తిని పడుకునేవాణ్ణి. బీయెస్సీ చదివాను గానీ నవలలు చదవలేదు. చదివేది ఆమె. చదువుతూ చదువుతూ ఒక చోట ఆగి, "ఇది వినండి" అనేది. నేను విన్నానని ఇప్పుడు ధైర్యంగా చెప్పలేను. మాకు పిల్లలు లేరు. ఆమెకు కథ చెప్పుకోవడానికి ఇంట్లో ఉన్న మనిషిని నేనొక్కణ్ణే.

అన్నిటికన్నా పైనున్న పుస్తకం పేరు "వానకు ముందు దీపం". డెబ్బై ఎనిమిదిలో ముప్పై నాలుగు వారాలు వచ్చింది. హైమ అనే టీచరమ్మ, పొడుగాటి కారులో వచ్చే రాజశేఖరం, పక్కింట్లో ఉండే సాంబు అనే కాంపౌండరు. ఇద్దరిలో ఎవరిని చేసుకోవాలో హైమ ముప్పై నాలుగు వారాలు ఆలోచిస్తుంది. మూడు రోజుల్లో పూర్తి చేశాను. ఆ మూడు రోజులూ వంట చేసుకుంటుంటే ఇంట్లో ఇంకో ముగ్గురు ఉన్నట్టనిపించింది. రిటైరై ఒంటరిగా ఉన్నవాడికి అదేమీ తక్కువ కాదు.

పేజీల అంచుల్లో అక్కడక్కడా పంకజాక్షి నీలి సిరా రాతలుండేవి. "హైమా, తలుపు వేసుకోవే" లాంటివి. కొన్ని వారాల్లో వేరే చేతి రాత ఆకుపచ్చ సిరాలో ఉంది. పక్కింటి వాళ్ళెవరో పుస్తకం అడిగి తీసుకున్నప్పుడు రాసి ఉంటారనుకొని దాటేశాను.

చదివిన తర్వాత ఎవరికైనా చెప్పాలనిపించింది. మా వీధి చివర నెట్ సెంటర్ నడిపే పల్లవి మా పాత ఇరుగింటివాళ్ళ అమ్మాయి. నన్ను పెదనాయనా అంటుంది. ఆమె వెతికి వెతికి ఒక గుంపును పట్టుకుంది. పాత సీరియళ్ళు చదివేవాళ్ళు శనివారం సాయంత్రం నాలుగింటికి ఒకచోట చేరి, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు టైపు చేసుకుంటూ మాట్లాడుకునే గుంపు. ముప్పై మంది దాకా ఉన్నారు.

"ఈడ కూర్చోండి పెదనాయనా, ఫ్యాను గాలి ఈ కంప్యూటర్‌కే ఎక్కువ తగులుతాది" అని, వెళ్ళిన ప్రతి శనివారం నాకు ఆ కుర్చీ అట్టిపెట్టేది.

మొదటి రోజు వాళ్ళు మాట్లాడుతున్నది నా అదృష్టం కొద్దీ "వానకు ముందు దీపం" గురించే.

మహిత అనే ఆమెది పలమనేరు, ఉండేది బెంగళూరు. ఆమె రాసింది: "హైమకు బుద్ధి లేదు. బంగారం లాంటి సాంబుని పక్కన పెట్టుకొని కారు దుమ్ము కోసం ఎదురుచూస్తుంది."

దుబాయ్ నుంచి శ్రీనివాసులు: "మీ బంగారం ముప్పై నాలుగు వారాల్లో ఒక్క తూరన్నా స్నానం చేసినట్టు రాయలేదమ్మా రచయిత్రి."

నిమ్మకాయ అని పేరు పెట్టుకున్న ఒకాయన: "రాజశేఖరం ఒక్క తూరన్నా కారులో పెట్రోలు పోయించుకున్నాడా? అది అడగవేం అబ్బా?"

మహిత: "అబ్బో, గూడూరాయన దిగినాడు. ఇంక సాంబు భజన మొదలు."

నిమ్మకాయ: "భజనే. గూడూరొస్తే నిమ్మకాయల మండీ కాడ మునిచంద్ర ఎవురంటే చూపిస్తారు. వచ్చినోళ్ళకు రాజశేఖరాన్ని తిట్టినంక గానీ రసం ఇయ్యను."

మహిత: "జయరామ్ గారూ, కొత్తగా వచ్చినారు, మీరేమంటారు?"

నేను ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేస్తూనే ఉన్నాను. "మీరు టైపు చేసేలోగా హైమకు మనవలు పుడతారు" అని ఆమె మళ్ళీ రాసింది. ఒక్కణ్ణే గట్టిగా నవ్వాను. పక్క కంప్యూటర్ దగ్గర పరీక్ష ఫలితాలు చూసుకుంటున్న వాళ్ళు తిరిగి చూశారు.

అట్లా నెల రోజులు హాయిగా గడిచాయి. ఐదో శనివారం నాడు వాన సీను గురించి మాట వచ్చింది. అయిదో వారంలో హైమ వానలో బస్సు కోసం నిలబడి ఉంటే, రాజశేఖరం కారు దిగి వచ్చి, తన కోటు తీసి ఆమె నెత్తి మీద పట్టుకుంటాడు. ఇద్దరూ తడుస్తూ ఒక పేజీ మాట్లాడుకుంటారు. మహిత ఆ సీను బాగుందని రాసింది.

నిమ్మకాయ జవాబిచ్చాడు: "ఇంత పొడుగు కారున్నోడికి ఒక గొడుగు లేకపాయనా?"

అందరూ నవ్వారు.

అది పంకజాక్షి మాట. మా ఇంట్లో ఎన్నోసార్లు విన్నాను. మద్రాసు నుంచి ఆమె పెదనాన్న కొడుకు కారు వేసుకొని వచ్చి, ఒళ్ళు తుడుచుకోను తువాలు అడిగినప్పుడు వంటింట్లోకి వచ్చి నా చెవిలో ఆ మాటే అనింది. పెళ్ళిళ్ళలో ఎవరైనా నగలన్నీ పెట్టుకొని చెప్పులు లేకుండా వస్తే కూడా అదే అనేది. ఎక్కడి నుంచి వచ్చిన మాటో నాకు తెలియదు, అడగలేదు. అదే ముక్క, అదే తూగుతో, గూడూరులో ఎవడో నిమ్మకాయల వ్యాపారి వేళ్ళ మీద నుంచి వచ్చింది.

ఇంటికి పోయి అయిదో వారం తీశాను. అంచులో ఆకుపచ్చ సిరాతో "కారు తలుపు తీస్తే సరిపాయ గదా" అని ఉంది. గొడుగు మాట లేదు. మొత్తం పుస్తకం వెతికాను. ఎక్కడా లేదు. అంటే ఆయన ఆ మాట చదివినది కాదు. ఆమె నోటి నుంచి విన్నది.

ఆ తర్వాత నేను ఆ పుస్తకాన్ని నవలగా చదవలేదు. పదకొండో వారం చివర పంకజాక్షి రాసింది: "హైమ ఉత్తరం రాయాలా? నేనైతే రాయను." పన్నెండో వారం మొదట్లో ఆకుపచ్చ సిరా: "రాసి తీరాల. రాయకుంటే ఎవరికి తెలుస్తాది?" ఇరవై రెండో వారంలో ఆమె: "ఇంత మంచివాడు ఎక్కడైనా ఉంటాడా?" ఇరవై మూడులో ఆకుపచ్చ: "ఉంటాడు. కనిపించడు." ఆమె అడుగుతోంది, ఎవరో, బహుశా ఆ గూడూరాయనే, జవాబు చెబుతున్నారు. నేను పలమనేరు మట్టి మోసుకొస్తున్న రోజుల్లో, నా ఇంట్లో, నా దీపం కింద!

ఇంకొకటి కూడా చూశాను. చూడకపోయినా బాగుండేది. నీలి సిరా ఉన్న పేజీల మూలలు శుభ్రంగా ఉన్నాయి. ఆకుపచ్చ సిరా పేజీల మూలలు మెత్తబడి, పసుపు అంటి, గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి. పన్నెండో వారం మీద ఆమె బొటనవేలు అచ్చు ఉంది. వంట చేస్తూ మధ్యలో వచ్చి ఆ పేజీలే మళ్ళీ మళ్ళీ తిప్పింది.

అరవై ఏళ్ళు వచ్చినవాడు, చచ్చిపోయిన భార్య మీద అనుమానపడడం ఎంత సిగ్గుచేటో నాకు తెలుసు. తెలిసినా అనుమానం పోలేదు. ఎనభై ఒకటిలో గూడూరులో ఒక పెళ్ళికి వెళ్ళి రెండు రోజులున్నాం. వచ్చేటప్పుడు బుట్టెడు నిమ్మకాయలు కొనింది. "గూడూరు కాయ రుచే వేరు" అనింది. ఆ బుట్ట రైల్లో ఒళ్ళో పెట్టుకొని మోసుకొచ్చింది నేను. ఆ మాట గుర్తొచ్చి రెండు రోజులు మజ్జిగలోకి నిమ్మకాయ ఊరగాయ వేసుకోలేకపోయాను.

తర్వాతి శనివారం నాలుగు కాకముందే కుర్చీలో కూర్చున్నాను.

"నిమ్మకాయ గారూ, ఆ గొడుగు మాట మీ సొంతమా?" అని అడిగాను.

"నా సొంతం యాడిది సార్. నాకు తెలిసినామెది. తిరుపతి ఆమె."

"ఎవరామె?"

"అది ఈడ నలుగుర్లో చెప్పేది కాదులెండి."

మహిత ఊరుకుంటుందా? "ఓహో! సాంబుకొక హైమ ఉండాదన్నమాట!"

నిమ్మకాయ: "ఉండాది. నా సీరియల్ ముప్పై నాలుగు వారాలతో అయిపోలేదు మహితమ్మా."

ఆ రోజు నుంచి నాకు రాజశేఖరం మీద ఎక్కడ లేని ప్రేమ పుట్టుకొచ్చింది. నిమ్మకాయ సాంబు మంచివాడంటే నేను చేతకానివాడన్నాను. సాంబు ఓర్పు గలవాడంటే నేను గోడ దూకి పక్కింట్లోకి చూసేవాడన్నాను. "పరాయి ఇంటి దీపం వెలుతురులో చదువుకునేవాళ్ళకు సాంబు నచ్చుతాడు" అని కూడా రాశాను. ఎవరికీ అర్థం కాలేదు. మహిత మాత్రం "జయరామ్ గారు కారు కొన్నట్టుండారు" అనింది.

ఒక శనివారం నిమ్మకాయ మళ్ళీ మొదలుపెట్టాడు: "ఆమె ఒక తూరి ఏమనిందంటే, చింతపండు నానేలోగా ఒక వారం చదివేయొచ్చు గానీ, ఒక వారం చదివినాక చింతపండు సంగతి గుర్తుండదు అనింది." మా ఇంట్లో పులుసు ఎన్నిసార్లు ఆలస్యమయిందో నాకు కదా తెలుసు! "పెళ్ళయిన ఆడమనిషి మాటలు తెచ్చి నలుగురిలో పంచిపెట్టుకునే నువ్వు మనిషివేనా?" అని టైపు చేశాను. ఒక్కో అక్షరం వెతుక్కొని, పూర్తి చేసి, పంపే బటన్ మీద వేలు పెట్టాను.

కరెంటు పోయింది.

ఫ్యాన్లు మెల్లగా ఆగాయి. పల్లవి వచ్చి నా ముఖం చూసింది. "ఏం పెదనాయనా, ఎవురితోనో కొట్లాడినట్టుండారే?"

"సాంబు గురించి."

"సాంబు ఎవురు?"

"కాంపౌండరు."

"ఏ ఆస్పత్రిలో? ఏం చేసినాడు మిమ్మల్ని? సూది సరిగ్గా వెయ్యలేదా?"

నవ్వొచ్చింది. ఆ కరెంటు ఒక్క నిమిషం ఆగి పోయి ఉంటే, తిరిగి తీసుకోలేని మాట ముప్పై మంది ముందు పడి ఉండేది. వాడితో తేల్చుకోవలసింది ముఖాముఖి అని అప్పుడే అనుకున్నాను. పుస్తకం గుడ్డసంచిలో పెట్టుకొని, సోమవారం పొద్దున గూడూరు పాసింజరు ఎక్కాను.

కిటికీ పక్కన చోటు దొరికింది. కాళహస్తి దాటే దాకా ఏమేమి అనాలో మనసులో వరుస పెట్టుకున్నాను. వెంకటగిరి దాటాక ఆ వరుస తప్పిపోయింది.

మండీ అంతా గోనెసంచులు, నిమ్మకాయల గుట్టలు. పుల్లటి వాసనకు ముక్కు చురుక్కుమనింది. మునిచంద్ర ఎవరంటే నిజంగానే చూపించారు. నలభై ఆరేళ్ళుంటాయి. బొద్దుగా, చొక్కా జేబులో పెన్ను పెట్టుకొని ఉన్నాడు. పెన్ను మూత ఆకుపచ్చది.

"నేను తిరుపతి జయరామ్" అన్నాను.

"అబ్బా! రాజశేఖరం పార్టీ! రాండి సార్, రాండి. కొట్లాడేకి ఇంత దూరం వచ్చినారా?"

"కొట్లాటకే వచ్చినాను" అని, సంచిలోంచి పుస్తకం తీసి ఆయన బల్ల మీద పెట్టి, పన్నెండో వారం తెరిచాను. "ఈ రాత మీదేనా?"

ఆయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. నవ్వు పోయింది ముఖంలో. లేచి నిలబడ్డాడు.

"నాదే సార్. ఇది మీకాడ... సార్, ఇది యాడిది?"

"నా భార్యది. పంకజాక్షి."

"పంకజాక్షి" అన్నాడాయన మెల్లగా, కొత్త ఊరి పేరు చదివినట్టు. "ఆమె పేరు పంకజాక్షియా?"

ఆ అడిగిన తీరు నన్ను తికమక పెట్టింది. పరిచయం ఉన్న మనిషి పేరు ఎవరైనా అట్లా అడుగుతారా? ఆయన నా చెయ్యి పట్టుకొని మండీ వెనకనున్న ఇంట్లోకి తీసుకుపోయాడు. "మోహనా! నీలం సిరా ఆమె దొరికింది!" అని గుమ్మంలో నుంచే కేక పెట్టాడు.

ఆయన భార్య మోహన చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నన్ను కిందికీ మీదికీ చూసి, "ఆమె మొగుడా మీరు? కూర్చోండి. పంతొమ్మిదేళ్ళుగా నేను ఆమెతో కాపురం చేస్తుండా" అనింది. "పప్పులో ఉప్పు ఎక్కువైతే ఆమె ఏమనేదో అంటాడు. సినిమాకు పోతే ఆమైతే ఈడ నవ్వేది అంటాడు. ఒక్క తూరి ఆ యమ్మ కనబడితే రెండు మాటలు అడగాలని ఉండాది నాకు. ఎట్లుండాది, బాగుండాదా?"

"పోయి నాలుగేళ్ళయింది" అన్నాను.

మోహన నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మునిచంద్ర లోపలికి పోయి, గుడ్డలో చుట్టిన పుస్తకం ఒకటి తెచ్చాడు. నా పుస్తకానికున్న అదే కాలికో గుడ్డ అట్ట, అదే కుట్టు, "వానకు ముందు దీపం". నా ముందు తెరిచాడు. అయిదో వారం. అంచులో నీలి సిరా, పంకజాక్షి చేతిరాత. "ఇంత పొడుగు కారున్నోడికి ఒక గొడుగు లేకపాయనా?"

"నేనప్పుడు తిరుపతిలో చదువుకుంటా హాస్టల్లో ఉన్నా సార్. సీరియల్ పేజీలు చించి దాచుకునే మగపిలకాయ అంటే అందరూ ఎగతాళి చేసేవాళ్ళు. దాచి దాచి, అయిపోయినాక గాంధీ రోడ్డు సందులో బైండింగ్ కుప్పయ్యకు ఇచ్చినా. తీసుకొని పోయి చూస్తే సగం వారాల్లో నా రాత లేదు, ఇంకెవురిదో ఉండాది. పోయి కొట్లాడినా. అదే వారం ఒకామె కూడా ఇదే సీరియల్ కట్ట ఇచ్చిందంట. రెండు కట్టలూ విప్పి పెట్టుంటే గాలివాన కొట్టి, కాయితాలన్నీ అంగడంతా పడినాయంట. కుప్పయ్య ఏరి, వారం నెంబర్లు చూసి, రెండేసి ఉంటే ఒకటి ఈ కట్టకు, ఒకటి ఆ కట్టకు వేసి కుట్టేసినాడు. 'అచ్చంతా ఒకటే గదా సామీ, నీకేం తక్కువ పడింది?' అంటాడు నన్నే."

"ఎవరిదో అడగలేదా?"

"అడగకుండా ఉంటానా? 'ఆడమనిషి పేరు చెప్పను' అన్నాడు. ఆమె కూడా వచ్చి అడిగిందంట. 'హాస్టల్ పిలకాయమ్మా, పేరు చెప్తే బాగుండదు' అని ఆమెకూ చెప్పలేదు. పరీక్షలు అయిపోయినాయి, నేను ఊరికొచ్చేసినా. అంతే సార్. ఆమెను నేను చూళ్ళేదు. ఆమె రాసిన పదహారు వారాలు చదివినా, అంతే."

"ఈ ప్రశ్నలు, జవాబులు?" అని పదకొండు, పన్నెండు వారాలు తిప్పి చూపించాను.

"ఇద్దరం ఒకే కథ చదివినాం గదా సార్. అదే ప్రశ్న నాకూ వచ్చింది. ఒక్క పేజీలోనన్నా రెండు సిరాలు కలిసి ఉండాయేమో చూడండి."

చూశాను. మొదటి నుంచి చివరిదాకా తిప్పాను. ఎక్కడా లేవు. మట్టిలో ఉప్పు శాతం కనిపెట్టి బతికినవాణ్ణి, నెల రోజులు ఆ పుస్తకం చేతిలో పెట్టుకొని ఆ ఒక్క సంగతి కనిపెట్టలేకపోయాను. కోపంగా ఉన్నవాడికి చదువు పనికి రాదు.

మోహన నిమ్మరసం తెచ్చింది. తాగాను. నెల రోజుల తర్వాత నోటికి రుచి తెలిసింది. కానీ పూర్తిగా చల్లబడ్డానంటే అబద్ధం. ఆమె అతన్ని చూడలేదు, నిజమే. ఆ అరిగిన మూలలూ నిజమే. ఇరవై ఏళ్ళు ఆమె ఆ పేజీలు తిప్పింది. ఎవరో తెలియని ఒక పిల్లవాడు అంచుల్లో రాసుకున్నది ఆమెకు తోడయింది. ఆ తోడు నేను కాలేదు. దాని మీద ఇప్పటికీ నాకు కుళ్ళే.

"మీరేమన్నా అనుకోండి సార్, ఒకటి చెప్తా" అన్నాడు మునిచంద్ర. "ఆమెను అక్క అని నేనెప్పుడూ అనుకోలేదు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. అబద్ధం ఎందుకు?"

"సిగ్గు లేదు చూడు, ఆయన ముందరే!" అంది మోహన.

"చెప్పనీ. అనుకున్నా గానీ, ఈ పంతొమ్మిదో వారం కాడికి వచ్చేసరికి నా నోట్లో మన్ను పడింది. ఇదో, చదవండి. మీ మీద నేనెంత ఏడ్చినానో మీకు తెలియదు."

పుస్తకం నా ముందుకు జరిపాడు. అందులో పంతొమ్మిదో వారం, హైమ తల్లి చనిపోయే వారం. కింది అంచు పొడుగునా, చోటు చాలక పక్కకు తిరిగి మరీ రాసి ఉంది పంకజాక్షి:

"ఈ వారం ఆయనకు చదివి వినిపించినాను. రెండో పేరాకే నిద్రపోయినారు. కార్వేటినగరం నుంచి నిలబడి వచ్చినారంట, పాదాలు వాచి ఉన్నాయి. అయినా ఆపలేదు, మొత్తం చదివినాను. హైమ ఏడ్చే చోట నిద్రలోనే 'ఊ' కొట్టినారు. కథ వినేవాళ్ళు ఎవరైనా ఇంతకన్నా ఏం చేస్తారు?"

కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. మళ్ళీ పెట్టుకొని మళ్ళీ చదివాను.

"ఆ ఊ కొట్టిన మనిషెవరా అని పాతికేళ్ళు కుళ్ళుకున్నా" అన్నాడు మునిచంద్ర. "నేను అన్ని అంచుల్లో ఇంత తెలివిగా రాసి ఏం లాభం? ఆయన నిద్రపోయి గెలిచినాడు."

మోహన పకపకా నవ్వింది. "ఇంక చాలు. ఇద్దురూ ఎవురివి వాళ్ళు తీసుకోండి. నా ఇంట్లోంచి ఆ యమ్మను పంపించేయండి" అంది. ఆ మాట నేను అడగడానికి నోరు రాక కూర్చొని ఉన్నాను. మునిచంద్ర ముఖం చిన్నబోయింది. కాదనలేదు. సంచులు కుట్టే దబ్బనం తెచ్చి, రెండు పుస్తకాల కుట్లూ నెమ్మదిగా విప్పాడు. ఆయన దగ్గరున్న నీలి వారాలు నాకు, నా దగ్గరున్న ఆకుపచ్చ వారాలు ఆయనకు, నెంబరుకు నెంబరు మార్చుకోవాలి. ఆయన తనవాటిలోంచి తీసి పేరుస్తున్నాడు. నేను నావాటిలోంచి తీసి పేరుస్తున్నాను. ఇద్దరం ఒకరి చేతులు ఒకరం చూసుకోవడం లేదు.

పన్నెండో వారం దగ్గర నా చెయ్యి ఆగింది. "రాసి తీరాల." రాత అతనిది. కానీ దాని మీదున్న పసుపు వేలు నా పంకజాక్షిది. మోహన ఇంకో గ్లాసు తేవడానికి లోపలికి పోయినప్పుడు, ఆ నాలుగు ఆకులూ నా కట్టలోకే జార్చాను. అరవై ఏళ్ళ జీవితంలో నేను చేసిన దొంగతనం అదొక్కటే.

కట్టలు తాళ్ళతో కట్టుకున్నాం. మునిచంద్ర స్టేషన్ దాకా వచ్చి, పాతిక నిమ్మకాయలు సంచిలో వేసి ఇచ్చాడు. తిరుగు బండిలో వెంకటగిరి దగ్గర కట్ట విప్పి చూసుకున్నాను. పంతొమ్మిదో వారం ఉంది. చింతపండు వారం ఉంది. అయిదో వారం లేదు. అటూ ఇటూ రెండుసార్లు వెతికాను. గొడుగు లేదు!

దొంగ. గూడూరు దొంగ. దిగి వెనక్కి పోదామా అని లేచి నిలబడ్డాను కూడా. ఎదురుగా కూర్చున్న పెద్దామె "యాడికప్పా, ఇంకా కాళహస్తి రాలేదు" అనింది. ఆమె చెప్పింది నిజమే. కూర్చున్నాను. ఒళ్ళో నిమ్మకాయలున్నాయి. ఈసారి కూడా మోసింది నేనే.

శనివారం నాలుగింటికి నెట్ సెంటర్‌కు వెళ్ళాను. పల్లవి కుర్చీ తుడిచి పెట్టి ఉంది. గుంపులో అప్పటికే మహితా శ్రీనివాసులూ కొత్త సీరియల్ మీద కొట్లాడుకుంటున్నారు. మధ్యలో నిమ్మకాయ వచ్చాడు.

"జయరామన్నా, ఇంటికి పోయి చూసుకుంటే నాకు పన్నెండో వారం తక్కువ పడింది. మీకాడ రెండు ఉండాయేమో ఒక తూరి చూస్తారా?"

"లేవు" అని రాశాను. "నాకు అయిదో వారం తక్కువ పడింది. మీ దగ్గర రెండున్నాయా?"

"లేవన్నా" అని వచ్చింది.

మహిత: "ఏంది, మీ ఇద్దరూ ఏమి లెక్కలు మాట్లాడుకుంటుండారు?"

నిమ్మకాయ: "ఏం లేదమ్మా. అన్నా, మరి నా పుస్తకంలో పదకొండు అయినాక పదమూడు వస్తా ఉండాది. హైమ ఉత్తరం రాసిందా లేదా, ఎట్లా తెలిసేది నాకు?"

ఆయనకు తెలుసు. నలభైసార్లు చదివి ఉంటాడు. అయినా అడిగాడు. నేను గుడ్డసంచిలోంచి పన్నెండో వారం తీసి, కీబోర్డు పక్కన పెట్టుకున్నాను. పసుపు వేలు అచ్చు నా వైపుకు తిప్పి పెట్టుకున్నాను.

"రాస్తాను, చదవండి" అని టైపు చేశాను. "కానీ నేను నిదానం. మధ్య మధ్యలో ఊ కొడుతుండండి."